గట్ల మీద మౌంటెన్ బైక్ దారులకు బాణం గుర్తులు ఉండాలా, వద్దా?

లంకసైకిల్ (ప్రశ్న):

అందరికీ నమస్కారమండీ. సూటిగా అడిగేస్తున్నా. మనం మౌంటెన్ బైకులు తొక్కే మట్టి దారులకు ఎటు వెళ్లాలో చెప్పే గుర్తులు పెట్టాలా, వద్దా? మౌంటెన్ ఏది, మీ ఊళ్లో దిబ్బ కూడా లేదు కదా అని నవ్వేవాళ్లు ముందే నవ్వేయండి, ఆ జోకు మాకు పాతదే.

మాది రావులపాలెం గ్రూపు. ఆదివారం చీకటితో బయల్దేరి కాలువ గట్లు, పుంతలు (చేల మధ్య మట్టి దారులు), ఏటిగట్టు కలుపుకుంటూ లొల్ల లాకులు (కాలువలో పడవలు దాటే గేట్లు), ఆత్రేయపురం మీదుగా బొబ్బర్లంక దాకా పోయి వస్తుంటాం. తారు రోడ్డు ఎంత తక్కువ తగిలితే అంత మంచి రైడని మా లెక్క. మొదట్లో అందరం ఇక్కడోళ్లమే కాబట్టి దారి గొడవ లేదు. ఇప్పుడు రాజమండ్రి నుంచి, కాకినాడ నుంచి కూడా వస్తున్నారు, కొందరైతే గేర్ల సైకిల్ కొన్న వారానికే వచ్చేస్తున్నారు, సంతోషమే, కానీ కాస్త వెనకబడ్డారంటే లాకులు దాటాక ఏ గట్టు పట్టాలో వాళ్లకి తెలియదు. ఫోన్‌లో మ్యాపు తెరిస్తే పుంత సగం దాకానే గీసుంటుంది. లేదంటే మ్యాపులో తిన్నగా పోయిన దారికి నిజంలో అడ్డంగా ఒక పంట బోదె (చిన్న కాలువ), దాని మీద రెండు తాటి దుంగలు, సైకిల్ భుజాన వేసుకుని దాటాల్సిందే.

ఈ విషయం మీద గ్రూపులో రెండు పార్టీలు తయారయ్యాయి. ఒక పార్టీ వాళ్లు ఎర్ర పెయింటు డబ్బా కొని చీలిక ఉన్న ప్రతిచోటా చెట్టుకో స్తంభానికో బాణం గీసేద్దాం, చెట్లకైతే చిన్న రేకు ముక్కలు మేకులతో కొట్టేద్దాం అంటున్నారు. రెండో పార్టీ అసలేం వద్దంటోంది. ఇది చాలదన్నట్టు ఒకాయన, బాణం గీస్తే దారి వన్‌వే కూడా కావాలని పట్టుబట్టాడు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. గట్టు కొన్నిచోట్ల కాలిబాటంతే ఉంటుంది, మన బళ్ల హ్యాండిల్ బారేమో ముప్పావు మీటరు. రెండు బళ్లు ఎదురుపడితే ఒకడు కాలువలోకి, ఇంకొకడు చేలోకి.

వేరే ఊళ్లలో, వేరే దేశాల్లో తొక్కినవాళ్లు ఎవరైనా ఉంటే అక్కడ ఏం చేస్తారో చెప్పండి. రైతులు ఉంటే మరీ మంచిది, తిట్టినా పర్లేదు.

భీమారంబాబు:

పెట్టాలండీ. ఇందులో చర్చేముంది. మీ కోనసీమలో దారి తప్పితే ఎవరో ఒకరు బొండాం కొట్టిచ్చి మరీ దారి చెబుతారు. మా వైపు తప్పితే రొయ్యల చెరువుల మధ్యలో తేలతారు. ఏ గట్టు చూసినా ఒకేలా ఉంటుంది, అటూ ఇటూ నీళ్లు, వాటిలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతూ ఉంటాయి, చివర ఒక పాక, పాక దగ్గర కుక్కలు. అక్కడితో దారి ఖతం, వచ్చిన దారినే వెనక్కి.

పైగా అవి సొంత గట్లు. ఏరేటర్లకి కరెంటు వైర్లు గట్టు మీద నుంచే లాగి ఉంటాయి, చాలాచోట్ల నేల మీదే, వాన పడిన పొద్దున ఆ వైరు మీద నుంచి చక్రం పోనివ్వడం ఎంత ప్రమాదమో నేను చెప్పక్కర్లేదు. ఇంకోటి, తెల్లమచ్చల వైరస్ భయంతో రైతులు బయటి మనిషిని చెరువు దగ్గరికి రానివ్వరు. లోపలికి పోయేవాళ్లు కాళ్లు మందు నీళ్లలో ముంచి వెళ్లాలి, ఎండ్రకాయలు రాకుండా చుట్టూ వల కట్టి ఉంటుంది. మనం పక్క చెరువు బురద టైర్లకి అంటించుకుని ఈ చెరువు గట్టు ఎక్కుతామంటే ఊరుకుంటారా? అసలు చీకట్లో హెల్మెట్టు, దాని మీద లైటు పెట్టుకుని చెరువు గట్టు మీద కనబడినవాణ్ని రొయ్యల దొంగ అనుకోకుండా ఇంకేమనుకుంటారు?

అందుకే మా వైపు మటుకు ఇటు పొండి అనే బాణం కన్నా ఇటు రాకండి అనే గుర్తు ముఖ్యం. అది ఉంటే చాలు, సగం గొడవలు పోతాయి.

అమలాపురం_అబ్బాయి:

నేను వద్దనే పార్టీ. కారణాలు చెబుతా, ఆవేశపడకండి.

మీరు బాణం గీసింది సైకిల్ వాళ్ల కోసం. అది చూసి రేపు బుల్లెట్ల వాళ్లు వస్తారు, ఎల్లుండి రీల్స్ బ్యాచ్ వస్తారు. లొల్ల లాకుల దగ్గర షూటింగులు చూసి వచ్చే జనం ఇప్పటికే ఎంతమంది ఉన్నారో ఆదివారం సాయంత్రం వెళ్లి చూడండి. ఆ పక్క పుంత ఇంకా ప్రశాంతంగా ఉందంటే దాని గురించి ఎవరికీ తెలియకపోవడం వల్లే.

రెండోది, గుర్తు అన్నాక దాన్ని చూసుకునే మనిషి ఉండాలి. ఆగస్టులో గోదారి పెరుగుతుంది, ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నది మధ్య లంకలకి వెళ్లే కాజ్‌వేల మీదికి నీళ్లు ఎక్కేస్తాయి, వరద తీశాక చూస్తే నిన్నటి దారి అక్కడ ఉండదు. బాణం మాత్రం గోడ మీద అలాగే ఉంటుంది. కొత్తవాడు దాన్ని నమ్ముకుని పోతాడు. గుర్తు లేకపోతే కనీసం ఆగి ఎవరినైనా అడుగుతాడు కదా. తప్పు గుర్తు కన్నా లేని గుర్తు నయం.

మూడోది కాస్త సరదాకి చెబుతున్నా కానీ నిజమే. మన దగ్గర బోర్డు పాతితే అది ఎన్నాళ్లు కనబడుతుంది? వారంలో ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ దాని మీద కట్టేస్తారు. ఇనుపదైతే పాత ఇనుప సామాన్లోకి పోతుంది.

దారి అడగడంలో ఒక సుఖం కూడా ఉంది, అది పక్కన పెట్టండి, వాదనకి పనికిరాదు.

కొబ్బరితోట:

రైతులుంటే చెప్పండి అన్నారు కాబట్టి రాస్తున్నా. మాది అంబాజీపేట దగ్గర. నాకు సైకిల్ లేదు, మా అబ్బాయికి ఉంది, వాడి ఫోన్‌లో మీ గొడవ చూశాను.

ముందుగా, చెట్లకి మేకులు కొట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. కొబ్బరి చెట్టు మానుకి గాయమైతే అది పూడదు. ఆ గాయం వాసనకే ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది, పిల్ల పురుగు లోపల తొలుచుకుంటూ పోతుంది, మనకి పైకి తెలిసేసరికి మొవ్వు వాలిపోయి ఉంటుంది. కావాలంటే అంబాజీపేటలో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, వెళ్లి అడగండి. పాతికేళ్ల చెట్టుని మీ బాణం కోసం పోగొట్టుకునేవాడు ఎవడూ లేడిక్కడ.

ఇక ఎర్ర పెయింటు. ఊళ్లో ఎవరి గోడ మీదైనా ఎర్ర గీత కనిపించిందంటే ఆ ఇంట్లో ఆ రాత్రి నిద్ర ఉండదండీ. రోడ్డు వెడల్పు చేస్తారేమో, ఆక్రమణ అని కొట్టేస్తారేమో, రీసర్వే వాళ్లు హద్దు మార్చారేమో అని పొద్దున్నే సచివాలయానికి పరుగు. మీరు పుంత మొదట్లో ఎర్ర బాణం గీసి హాయిగా ఇంటికి పోతారు, ఇక్కడ రెండు కుటుంబాలు హద్దు కోసం కొట్టుకుంటాయి. ఏ రంగైనా వేసుకోండి, అది మాత్రం వద్దు. వేసే ముందు ఆ గోడ ఎవరిదో వాళ్లకి ఒక మాట చెప్పండి.

మూడో విషయం మీలో ఎవరూ అనలేదు. పుంత ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. సార్వా (వానాకాలం పంట) నాట్లప్పుడు ట్రాక్టర్ల కేజ్ వీల్స్ తిరిగి దారంతా గుంటలు, రేగడి మట్టి మీ చక్రానికి చుట్టుకుని బ్రేకుల దగ్గర ఇరుక్కుంటే సైకిల్ తిరగదు, మోసుకోవాలి. కోతలప్పుడు కోత మిషను వస్తే పుంత మొత్తం దానిదే. ధాన్యం ఆరబోస్తాం, మీరు దాని మీదుగా పోతే మాకు కడుపు మండుతుంది. తోటల్లో కొబ్బరికాయల దింపు జరిగే రోజు చెట్ల కింద నుంచి పోవడం మీ హెల్మెట్టుకి కూడా మంచిది కాదు. మీ బాణానికి ఇవేమీ తెలియవు.

తణుకు_టు_డెన్వర్:

ఇక్కడ కొలరాడోలో చాలా ఏళ్లుగా తొక్కుతున్నా కాబట్టి ఇక్కడి సంగతి చెబుతా. మీకు పనికొచ్చినంత తీసుకోండి.

మీరు మూడు రకాల గుర్తుల్ని కలిపేసి మాట్లాడుతున్నారు. ఒకటి దారి ఎంత కష్టమో చెప్పేది. ఇది మంచు మీద స్కీయింగ్ చేసే చోట్ల నుంచి వచ్చింది, ఆకుపచ్చ గుండ్రం అంటే సులువు, నీలం చతురస్రం అంటే మధ్యరకం, నల్ల డైమండ్ అంటే కష్టం, రెండు నల్ల డైమండ్లు ఉంటే ఇంటికి ఫోన్ చేసి మాట్లాడి వెళ్లండి. 1988లో పెట్టిన అంతర్జాతీయ మౌంటెన్ బైసైక్లింగ్ సంఘం, ఇంబా అంటారు, దీన్ని సైకిళ్లకి మార్చి పెట్టింది. బల్లపరుపు నేల మీద మీకు ఇది దండగ. రెండోది దారి చూపేది. మూడోది వన్‌వే గుర్తు.

వన్‌వే గురించి అడిగారు కదా. ఇంబా నియమం ప్రకారం మామూలు ట్రయిల్ మీద దిగేవాడు ఎక్కేవాడికి దారి ఇవ్వాలి, సైకిల్ వాళ్లు నడిచేవాళ్లకి, గుర్రాల వాళ్లకి దారి ఇవ్వాలి. వన్‌వే అని స్పష్టంగా బోర్డు ఉన్నచోట ఎదురు వచ్చేవాడు ఉండడు కాబట్టి ఆ లెక్క వేరు. బౌల్డర్ దగ్గర బెటాసో అని ఒక చోటుంది, అక్కడ చుట్టు దారిలో సైకిళ్లు ఒకే దిశలో పోవాలి, ఆ దిశని నెలకోసారి మారుస్తారు. బుధ, శనివారాల్లో సైకిళ్లకి అసలు ప్రవేశం లేదు, నడిచేవాళ్లు ప్రశాంతంగా నడుచుకుంటారు. గొడవలు తగ్గించడానికి బాణం కన్నా ఇలా రోజులు పంచుకునే ఒప్పందం ఎక్కువ పనిచేస్తుందని నా అభిప్రాయం. కొబ్బరితోట గారు చెప్పిన కోతల సమస్యకి కూడా ఇదే మందు, ఆ నెల ఆ పుంత మూసేశాం అని గ్రూపులో చెప్పుకోవడం.

ఇక దారి చూపే గుర్తు పెట్టాలనుకుంటే, పెట్టే చోటు తెలియాలి. చాలామంది సరిగ్గా చీలిక మీద పెడతారు, అప్పటికే సైకిల్ దాటిపోతుంది. కాస్త ముందు పెట్టాలి, చీలిక దాటిన తర్వాత కొద్ది దూరంలో ఇంకో చిన్న గుర్తు ఉండాలి, సరైన దారిలోనే ఉన్నావని చెప్పడానికి. ఆ రెండోది లేకపోతే అనుమానంతో వెనక్కి తిరిగి వచ్చేవాళ్లే ఎక్కువ. వన్‌వే కాకపోతే రెండు వైపుల నుంచీ కనబడాలి, ఇది మరిచిపోయి ఒకవైపే గీస్తారు.

అమలాపురం_అబ్బాయి:

డెన్వర్ అన్నా, నువ్వు చెప్పినవన్నీ పార్కులవాళ్లు జీతాలిచ్చి చేయించే పనులు. ఇక్కడ ఆ జీతం ఎవరిస్తారు, ఎవరు చేస్తారు? నా ప్రశ్న అదే.

కాటన్‌కాలువ:

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన మనిషిని. సైకిల్ తొక్కడం ఆపలేదు కానీ మీలాగా గేర్లది కాదు. కుర్రాళ్లు బాగానే మాట్లాడుకుంటున్నారు, రెండు మూడు సంగతులు చెప్పాలనిపించింది.

గట్టు మీకు దారి, మాకు అది నీళ్లని ఆపే గోడ. దాని మీద బోర్డు కోసం గుంట తవ్వొద్దు. ఎలుకలు, ఎండ్రకాయలు చేసే బొరియలతోనే చస్తుంటాం, నీటి ఒత్తిడి ఉన్నప్పుడు చిన్న కన్నం నుంచే ఊట మొదలై గండి పడుతుంది. సుమారు 10 లక్షల ఎకరాలకి నీళ్లిచ్చే కాలువలివి. కాబట్టి పాతడం అనే మాట మరిచిపోండి. లాకు గోడలు, తూము గోడలు, వంతెన పిట్టగోడలు ఉన్నాయి కదా, అధికారులని అడిగి చిన్న గుర్తు వేసుకోవచ్చు. అయితే గోడ మీద నీటిమట్టం కొలిచే గేజీ గీతలు ఉంటాయి, వాటి మీద గానీ పక్కన గానీ రంగు పూశారంటే లస్కరు (కాలువని కనిపెట్టుకుని ఉండే శాఖ మనిషి) మీ సైకిల్ పట్టుకుపోయినా నేను అడ్డురాను.

లస్కరు అన్నాను కాబట్టి చెబుతున్నా, దారి గురించి ఆయనకి తెలిసినంత ఏ మ్యాపుకీ తెలియదు. ఎక్కడ గట్టు జారింది, ఎక్కడ తూము రిపేరులో ఉంది అన్నీ ఆయనకి కంఠతా. వేసవిలో కాలువలు కట్టేశాక పనులు జరుగుతాయి, పొక్లెయినర్లు గట్టు మీదే ఉంటాయి, అప్పుడు అటు పోకండి. జూన్‌లో నీళ్లు వదిలిన కొత్తలో కూడా గట్టు మెత్తగా ఉంటుంది.

ఇక ఈ గట్ల మీద ఇంత తిన్నటి బాట ఎందుకుందో మీలో ఎంతమందికి తెలుసో మరి. 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాడు, ఆ కాలువలు సాగుకే కాదు పడవల రాకపోకలకి కూడా. లాకులు కట్టింది అందుకే, మట్టం తేడా ఉన్నచోట పడవని ఎక్కించడానికి, దించడానికి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవని లాగేవాళ్లు. ఆ నడక దారే ఇప్పుడు మీరు తొక్కేది. వాళ్లు ఏ బాణం చూసి నడిచారు? నీళ్లు చూసి నడిచారు.

మీరూ నీళ్లు చూసి తొక్కొచ్చు. కాలువ ఎప్పుడూ మీ కుడిచేతి వైపు ఉండేలా తొక్కండి, గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టే. కాలువ పారే వైపు ముఖం పెట్టి నిలబడితే ఎడమ చేతి వైపుది ఎడమ గట్టు, శాఖలో లెక్క ఇదే. దిగువకి పోయేటప్పుడు ఎడమ గట్టు, ఎగువకి తిరిగొచ్చేటప్పుడు కుడి గట్టు పడుతుంది. అందరూ ఇదే పాటిస్తే ఏ గట్టు మీదా ఎదురు సైకిల్ రాదు, మీరడిగిన వన్‌వే పెయింటు లేకుండానే వచ్చేస్తుంది. మన దేశంలో ఎదురు బండి వస్తే ఎడమకి తప్పుకోవడం అలవాటు కదా, కాలువ కుడివైపు ఉంటే మీరు చేను వైపుకి తప్పుకుంటారు. ఎడమవైపు కాలువ పెట్టుకుని తప్పుకున్నవాడు నీళ్లలోకే. పడితే చేలో పడడం మేలు, బురదే కదా.

ఒక్క జాగ్రత్త. సముద్రం దగ్గర పడే కొద్దీ మురుగు కాలువల్లో పోటు ఎక్కుతుంది, నీళ్లు వెనక్కి నడుస్తాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు పోయినప్పుడు నీటి పారుదల చూసి ఎగువ దిగువ తేల్చుకోకండి, దారి తలకిందులవుతుంది. పంట కాలువకి మాత్రమే ఈ సూత్రం.

లంకసైకిల్:

గురువుగారూ దండాలు. ఇంత సులువైన మాట మాకెవరికీ తట్టలేదు. కానీ మా దగ్గర చాలాచోట్ల ఒక గట్టు తారు రోడ్డు, రెండోది మట్టి. మీ ప్రకారం తొక్కితే ఒక్కోసారి పోయేటప్పుడే తారు పడుతుంది, మట్టి కోసం వచ్చినవాళ్లు సణుగుతారు. ఇంకో సంగతి, రెండో గట్టుకి దాటే వంతెన ఎక్కడుందో తెలియాలి కదా, దానికైనా గుర్తు కావాలి.

పాలకొల్లు_పెడల్:

దీనికి నా దగ్గర ఒక జవాబుంది. ఉద్యోగం మీద కొన్నాళ్లు నెదర్లాండ్స్‌లో ఉన్నా. మన డెల్టాలాగే బల్లపరుపు, కాలువలు, గట్లు, చీలికల మీద చీలికలు. అక్కడ సైకిల్ దారులకి అంకెలు ఉంటాయి. ప్రతి కూడలికి ఒక నంబరు, ఆ స్తంభం మీద పక్క కూడళ్ల నంబర్లకి మాత్రమే బాణాలు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు 12, 15, 18, 40 అని కాగితం మీద రాసుకుని హ్యాండిల్‌కి అంటించుకుంటే చాలు. ఈ పద్ధతి ముందు 1995లో పక్కనున్న బెల్జియంలో, లింబర్గ్ ప్రాంతంలో మొదలైంది, గనుల్లో పనిచేసిన ఒక ఇంజినీరు ఆలోచన, భూమి లోపల సొరంగాల కూడళ్లకి నంబర్లు ఉండేవట.

దీని గొప్పతనం ఏంటంటే ఎవరి రూటూ ఎవరి మీదా రుద్దదు. మీ గ్రూపు రూటు కోసం బాణాలు గీస్తే అది మీ ఒక్కరికే పనికొస్తుంది, రేపు ఇంకో గ్రూపు వేరే రంగుతో వేరే బాణాలు గీస్తుంది, లాకు గోడ హోలీ ఆడినట్టు తయారవుతుంది. నంబరు అయితే అందరికీ ఒకటే. కొత్తవాడు దారి తప్పినా ఫోన్ చేసి “అన్నా నేను 7 దగ్గరున్నా” అంటాడు, ఎవరో ఒకరు వెళ్లి తెచ్చుకుంటారు. బుల్లెట్ల వాళ్లకి, రీల్స్ వాళ్లకి ఉత్త 7 చూస్తే ఏమీ అర్థం కాదు, కాబట్టి అమలాపురం తమ్ముడి భయం కూడా కొంత తీరుతుంది. ఏదైనా దారి మూసేస్తే గోడ మీద ఏమీ మార్చక్కర్లేదు, 4 నుంచి 7 వద్దు అని గ్రూపులో ఒక మెసేజి.

భీమారంబాబు:

నంబర్లు బాగున్నాయి కానీ మా చెరువుల దగ్గర సరిపోవు, మాకు ఇటు రావొద్దు గుర్తే కావాలి. అది మేం చెరువుల వాళ్లతోనే మాట్లాడి వాళ్ల గేట్ల మీదే పెట్టించుకుంటాం. కాలువ కుడిచేతి వైపు అనే మాట మాత్రం ఈ ఆదివారం నుంచే మొదలు. అయితే గురువుగారూ, ఒక్క గట్టే తొక్కడానికి పనికొచ్చే చోట, రెండోవైపు ఇళ్లో ముళ్లో ఉన్నచోట ఏం చేయాలి? మా దగ్గర అలాంటివే ఎక్కువ, రెండో గట్టంతా సర్కారు తుమ్మ, సీలెంటు పోసిన ట్యూబ్‌లెస్ టైర్లు కూడా నిలబడవు.

కాటన్‌కాలువ:

అలాంటి చోట ఎదురుపడితే సైకిల్ దిగి నిలబడాలి బాబూ, అంతే. గడ్డి మోపుతో వచ్చే ఆవిడకీ గేదెలకీ మీరెలాగూ దిగి దారివ్వాల్సిందే కదా, ఇంకో సైకిల్‌కి ఇస్తే పోయేదేముంది.

రంపచోడవరం_రైడర్:

ఆలస్యంగా చూశా. నేను డెల్టా మనిషినే, ఉద్యోగం ఏజెన్సీలో, అంటే మన్యం కొండల్లో. మీరు కింద ఏం తేల్చుకున్నా సరే, అదే సూత్రం పట్టుకుని కొండ మీదికి రాకండి. మీలో కొందరు మారేడుమిల్లి వైపు వస్తున్నారు కాబట్టి చెబుతున్నా.

ఇక్కడ గట్టు మీదలాగా ఎదురు మనిషి దూరం నుంచి కనబడడు. మలుపు, దిగుడు, రాళ్లు, వెదురు ఆకులు పరిచిన నేల, బ్రేకు పట్టినా బండి జారుతుంది. దిగేవాడి వేగంలో మలుపు అవతల ఏముందో చూసి ఆగడం కుదరదు. ఇలాంటి చోట దిగుడు దారికి వన్‌వే గుర్తు ఉండి తీరాలి, ఇందులో నాకు రెండో మాట లేదు. ప్రపంచంలో బైక్ పార్కులన్నీ దిగుడు దారుల్ని వన్‌వే చేసింది ఊరికే కాదు.

కానీ ఆ గుర్తు పెట్టేది మనం కాదు, అటవీ శాఖ. పాపికొండలు 2008 నుంచి జాతీయ పార్కు, ఆ హద్దులో అనుమతి లేకుండా సైకిల్ వేసుకుని అడవి బాట పట్టడమే తప్పు, ఇక చెట్టుకి పెయింటు పూయడం సంగతి చెప్పక్కర్లేదు. పార్కు బయట కూడా రిజర్వు అడవే ఎక్కువ. అడిగి రండి, ఊరి కుర్రాణ్ని ఒకణ్ని వెంట పెట్టుకుని రండి, వాడికి రోజు కూలి ఇవ్వండి. అడవిలో అంతకు మించిన గుర్తు లేదు, వాడికీ నాలుగు డబ్బులు.

లంకసైకిల్:

అందరికీ థాంక్సండీ, తిట్టినవాళ్లకి కూడా. నిన్న రాత్రి గ్రూపులో కూర్చుని మాట్లాడుకున్నాం. బాణాలు లేవు, మేకులు లేవు, ఎరుపు లేదు. లొల్ల నుంచి బొబ్బర్లంక దాకా రెండో గట్టుకి దాటే చోట్లకి మాత్రమే నంబర్లు, పసుపు రంగు, అరచేయంత. ముందు అధికారులకి కాగితం పెడుతున్నాం, జవాబు వచ్చేదాకా ఆదివారం పొద్దున సున్నంతో నేల మీద వేస్తాం, ఎండకీ వానకీ అదే పోతుంది. సున్నం ముగ్గులు మూడు దారుల దగ్గర చూసి ఎవరైనా చేతబడి అనుకుంటే బాధ్యత మాది కాదు, అందుకే పక్కన సైకిల్ బొమ్మ కూడా గీద్దాం అన్నారు ఒకరు.

వన్‌వే పార్టీ ఆయన ఇంకా ఒప్పుకోలేదు. కాలువ కుడిచేతి వైపు అంటే తారు గట్టు మీద పోయేటప్పుడే బోరు కొడుతుందట. ఆయనకి తిరుగు ప్రయాణంలో మట్టి దొరుకుతుందని చెప్పాం, అప్పటికి ఎండ ఎక్కుతుంది అన్నాడు. అలా అయితే అందరం ఇంకో అరగంట ముందే లేవాలి, దానికి ఎవరూ ఒప్పుకోలేదు.

కొబ్బరితోట గారూ, మీ వైపు పుంతల్లో దింపులు, కోతలు ఏ వారాల్లో ఉంటాయో మీ అబ్బాయి చేత గ్రూపులో పెట్టించగలరా? శనివారం వచ్చేవాళ్లకి ఒక మాట, వాడపల్లి వెంకన్న గుడికి ఏడు వారాల మొక్కు జనం ఉంటారు, ఆ రోజు ఏటిగట్టు వదిలేసి లోపలి పుంతలు పట్టండి.

కొబ్బరితోట:

పెట్టిస్తాను. మాకు దింపు వచ్చే బుధవారం. ఆ రోజు రాకండి.